కందులు కల్లంలోకి వచ్చే వేళకే దిగుమతి ఉత్తర్వు ఎందుకు వస్తుంది?

నల్లరేగడి (మహబూబ్‌నగర్)

నమస్కారం. మాది నారాయణపేట జిల్లాలో ఒక చిన్న ఊరు. నేను మహబూబ్‌నగర్‌లో ఒక ఆడిటరు దగ్గర లెక్కలు రాస్తాను. నాన్న సేద్యం లెక్క కూడా నా చేతిలోనే ఉంది. ఆయన నోటితో చెబుతాడు, నేను డైరీలో ఎక్కిస్తాను.

ఆ డైరీలో రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. 2024 ఫిబ్రవరిలో మూడెకరాల కందులు క్వింటాలు 9,600 చొప్పున అమ్మాం. ఆ ధర చూసి నాన్న జూన్‌లో పత్తి తగ్గించి కందిని ఐదెకరాలకు పెంచాడు. పూత మీద ఉండగా మబ్బులు పట్టి మారుకా పురుగు పడింది, రెండుసార్లు అదనంగా మందు కొట్టించాం. చివరికి ఎకరాకు నాలుగు క్వింటాళ్లు దక్కాయి. 2025 జనవరి 22న అందులో పదకొండు క్వింటాళ్లు మార్కెట్‌కు తోలాం. తక్‌పట్టీ (మార్కెట్‌లో ఇచ్చే అమ్మకం చీటీ) మీద ధర 7,100.

మద్దతు ధర 7,550 కదా అని నేనే అడిగాను. కొనుగోలు కేంద్రం తెరిచాక రమ్మన్నారు. అడ్తిదారు (కమిషన్ వ్యాపారి) నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి, ఇంకా పచ్చిగా ఉన్నాయన్నాడు. ఆ ఒక్క కొరుకుడుకు బస్తాకు కిలో తరుగు పోయింది. నాన్న మారు మాట్లాడలేదు. వెనక్కి తీసుకుపోతే ట్రాక్టరు బాడుగ మళ్లీ మా నెత్తి మీదే కదా.

ఇంటికి వచ్చి వార్తలు వెతికాను. జనవరి 20న, అంటే మేము బస్తాల మూతులు కుడుతున్న రోజే, సుంకం లేకుండా కందులు దిగుమతి చేసుకునే గడువును కేంద్రం 2026 మార్చి 31 దాకా పొడిగించింది. అంతకు ముందు పొడిగింపు ఎప్పుడా అని చూస్తే 2023 డిసెంబరు 28. అది కూడా కోతల వేళే.

దిగుమతే వద్దని నేను అనడం లేదు. మన దగ్గర పండేది దేశం తినేదానికి చాలదని తెలుసు. అయితే జనవరి 20న ఉత్తర్వు వస్తే 22వ తేదీకి ఓడ రాదు కదా, మా ధర మాత్రం అంత త్వరగా ఎలా పడుతుంది? సుంకం వేస్తే నిజంగా మాకు ధర పెరుగుతుందా? ఇంకొక సంగతి. నాన్న కిలో 71 చొప్పున అమ్మిన వారంలోనే నేను ఇక్కడ కిరాణా కొట్లో కిలో పప్పు 155 పెట్టి కొన్నాను. నడుమ 84 రూపాయలు ఎవరి జేబులో పడ్డాయి? మిల్లు నడిపేవారు, ఓడరేవు దగ్గర పనిచేసేవారు ఎవరైనా ఉంటే కోపం తెచ్చుకోకుండా చెప్పండి. కోపం నా దగ్గర చాలినంత ఉంది.

పప్పుమిల్లు

అమ్మా, నాది చిన్న మిల్లు. మా నాయన కాలం నుంచి ఇదే పని. ముందు నీ 84 రూపాయల లెక్క చూద్దాం. క్వింటాలు కందులు ఆడితే క్వింటాలు పప్పు రాదు. గింజ బాగుంటే 70 కిలోలు, లేకపోతే అంతకన్నా తక్కువ. మిగిలినది పొట్టు, నూక. అది పశువుల దాణాకు పోతుంది, దాని ధర దానిది. కాబట్టి 7,100కు కొన్న కంది పప్పు అయ్యేసరికి కిలో 101 దగ్గరే మొదలవుతుంది. దాని మీద హమాలీ, గోనెలు, కరెంటు, నూనె పట్టించి ఎండబెట్టే కూలి, లారీ, హోల్‌సేలు, కిరాణా. ఇంకొక మాట. నువ్వు కొన్న పప్పు మీ నాన్న కందులది కాదు. నిరుడు క్వింటాలు పదివేలు పలికినప్పుడు ఎవరో కొని ఆడించినది అయి ఉంటుంది. ధర ఎక్కేటప్పుడు కొట్లో బోర్డు ఆ పూటే మారుతుంది, దిగేటప్పుడు పాత సరుకు అయిపోవాలంటారు. మేము కూడా ఆ తానులో ముక్కలమే, దాచడం ఎందుకు.

ఇక ఉత్తర్వు సంగతి. ఓడ రానక్కరలేదమ్మా, కబురు వస్తే చాలు. కోతల్లో మిల్లువాడు ఎందుకు పోటీపడి కొంటాడు? శ్రావణం దాటాక ఇక్కడ కంది దొరకదు, అప్పుడు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది అనే భయంతో. ఆ భయమే మీకు ధర. ఈసారి జనవరిలో నేను మూడు లారీల సరుకు కొని గోదాములో వేద్దామని బ్యాంకులో అప్పు కూడా మాట్లాడుకున్నాను. 20వ తేదీ సాయంత్రం ముంబై దళారి ఫోను చేసి ఏడాదికి పైగా తలుపు తెరిచే ఉంటుందని చెప్పాడు. ఒక్క లారీతో ఆగిపోయాను. బర్మా కంది (మేము లెమన్ అంటాం) ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంటే, వడ్డీ కట్టి నేనెందుకు దాచుకోవాలి? నాలాంటి వాళ్లు వందమంది ఒక్కో లారీతో ఆగితే 7,100 అవుతుంది. మన కందికి ఉన్న ఉడుకు, కమ్మదనం లెమన్‌కు లేవు. కానీ హోటలువాడు రుచి అడగడు, ధర అడుగుతాడు.

చాక్‌పీసు (విశ్రాంత అధ్యాపకుడు, నల్లగొండ)

సుంకం వేస్తే ధర పెరుగుతుందా అని అడిగారు. మీ డైరీ అంత పాతదైతే 2018 పేజీ తీసి చూడండి. 2015 అక్టోబరులో కందిపప్పు కిలో 200 దాకా పోయింది, దేశమంతా గగ్గోలు. 2016 జూలైలో కంది కొనుగోలుకు మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకున్నారు. అదే జూలైలో మన రైతులు కూడా ఆ 200 చూసి విత్తారు. ముందు ఏడాది 25 లక్షల టన్నులున్న దేశ దిగుబడి 2016-17లో ఒక్కసారిగా 48 లక్షల టన్నులు దాటింది. అయినా దిగుమతి ఆగలేదు. ఆంక్ష ఎప్పుడు పెట్టారు? 2017 ఆగస్టు 5న, ఏడాదికి రెండు లక్షల టన్నుల కోటా. అప్పటికి రైతు అమ్ముకుని ఆరు నెలలు. తెరిచేటప్పుడూ, మూసేటప్పుడూ ఆలస్యమే.

2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో కంది, మినుము, మసూరు పప్పులను నాలుగేళ్ల పాటు, తెచ్చినంత కొంటామని కేంద్రం చెప్పింది. అయితే ముందుగా నమోదు చేసుకున్న రైతుల దగ్గర మాత్రమే. మీ నాన్నగారి పేరు నమోదైందో లేదో ముందు చూసుకోండి.

ముంబై బండి (మక్తల్ నుంచి నవీ ముంబై)

అక్కా, మాది మక్తల్ దగ్గర. మా నాన్న మట్టి పనికి ముంబై వచ్చాడు, నేను ఇక్కడే పెరిగి నావా షేవా రేవు పక్కన గోదాములో లెక్క రాస్తున్నాను. ఆఫ్రికా కంది మన కంది లాగా సంక్రాంతికి రాదు. మొజాంబిక్, మలావీ, టాంజానియాలలో కోత జూలై నుంచి సెప్టెంబరు దాకా. నకాలా, బెయిరా రేవుల్లో ఎక్కించినది మాకు దసరా, దీపావళి నడుమ దిగుతుంది. అంటే మీ నాన్న చేనుకు పూత వచ్చేటప్పటికి ఆ సరుకు ఇక్కడ మా గోదాములో ఉంటుంది. బర్మా పంట మాత్రం మీతో పాటే వస్తుంది.

మొదట్లో ఆ బస్తాలు చూస్తే నాకూ కడుపు మండేది. కానీ 2017లో కోటా పెట్టాక అటువైపు నుంచి వచ్చే కబుర్లు విన్నాను. అక్కడ కంది పెద్దగా తినరు, మన కోసమే పండిస్తారు. మనం తలుపు వేయగానే అక్కడి ధర కుప్పకూలింది. వాళ్లవీ రెండు మూడు ఎకరాల చేలే. మన ప్రభుత్వం కొంటానంటేనే విత్తారు కదా.

మెస్సు పెద్దమ్మ (నల్లగొండ)

అందరూ రైతు పక్కన మాట్లాడుతున్నారు, నేనూ రైతు బిడ్డనే. కానీ డిగ్రీ పిల్లలకు మెస్సు నడుపుతున్నాను, రోజుకు నాలుగు కిలోల పప్పు ఉడుకుతుంది. 2015లో 200 పెట్టి కొన్న నెలల్లో పప్పు తగ్గించి సొరకాయ పెంచాను. పిల్లలు గిన్నెలో గరిటె తిప్పి పప్పు ఎక్కడుందని వెతికేవారు. సుంకం వేయండి అనే ముందు ఆ గరిటె కూడా గుర్తుపెట్టుకోండి. నిరుడు ధర ఎక్కినప్పుడు కొట్టతను బఠానీ పప్పు అంటగట్టబోయాడు, సగం కన్నా తక్కువ ధర. 2023 డిసెంబరులో దానికీ సుంకం ఎత్తేశారట. ఒక్క రోజు సాంబారులో కలిపాను. మరునాడు పిల్లలే కనిపెట్టారు.

నల్లరేగడి

అందరికీ దండాలు. చాక్‌పీసు సార్, 2018 పేజీ తీశాను. అది నా ఇంటర్ నాటి చేతిరాత. ఆ ఏడాది మద్దతు ధర 5,450, మేము అమ్మింది 4,300. అంటే కోటా ఉన్న ఏడాది కూడా మేము మునిగాం. నిరుటి నిల్వలు గోదాముల్లో ఉంటే కొత్త పంట ఎవరికి కావాలి. సుంకం వేస్తే అంతా సరి అనుకున్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పెద్దమ్మా, మా ఇంట్లోనూ ఆ నెలల్లో చారే. కంది పండించి పప్పు కొనుక్కుని తినే ఇల్లు మాది.

నాకు ఇప్పుడు తోచేది ఇది. తలుపు తెరుస్తారో మూస్తారో ఏప్రిల్‌లో చెప్పమనండి, విత్తనం కొనకముందు. ఏడాది మధ్యలో మార్చకుండా ఉంటే చాలు. తెరుస్తామని ముందే తెలిసి ఉంటే నాన్న ఆ రెండెకరాలు పత్తికే ఉంచేవాడు. ఆ మొజాంబిక్ రైతుకు కూడా అంతకన్నా ఎక్కువ ఏమీ అక్కరలేదేమో.

నమోదు సంగతి కనుక్కున్నాను సార్, పేరు ఉంది. కానీ పంట నమోదులో పాత మూడెకరాలే ఉన్నాయి, సరిచేయించాలి. మిగిలిన తొమ్మిది క్వింటాళ్లు మేడ మీద ఎండుతున్నాయి. మిల్లు పెద్దాయనా, కేంద్రంలో కుదరకపోతే మీరు కొంటారా?

పప్పుమిల్లు

ముందు కేంద్రానికే తోలండి, అక్కడ వచ్చే 7,550 నేను ఈ రోజు ఇవ్వలేను. కుదరకపోతే ఉగాది దాటాక తీసుకురండమ్మా. తేమ చూసే మీటరు ఉంది నా దగ్గర, ఎవరూ కొరకరు.