ఏటీ టైర్లతో జనవరిలో మనాలి పోవచ్చా? నెల్లూరు నుంచి పికప్

పెన్నా_పికప్:
అన్నలూ, నాది ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. వారమంతా రొయ్యల గుంటల దగ్గరికి మేత తోలడం, ఆదివారం మైపాడు బీచి. నిరుడు ఏటీ టైర్లు (ఆల్ టెర్రైన్, అంటే తారుకీ మట్టికీ రెండింటికీ వాడేవి) వేయించాను, 30 వేల కిలోమీటర్లు తిరిగాయి. జనవరిలో నలుగురం మనాలి, వీలైతే అటల్ టన్నెల్ దాటి సిస్సు దాకా పోవాలని ప్లాను. టైరు పక్కన ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ ప్లస్ స్నో) అని ఉంది. షాపతను "మట్టికీ మంచుకీ రెండింటికీ పనికొస్తది, కళ్లు మూసుకుని పో" అన్నాడు. ఇంట్లో మాత్రం ఒకటే టెన్షన్. మంచులో నడిపినవాళ్లు చెప్పండి.

బిట్రగుంట_బండి:
కళ్లు మూసుకుని పోయేదానికి ఏ టైరైతే ఏముంది!

కావలి_టు_కాల్గరీ:
తమ్ముడూ, మాది కావలి. కెనడాలోని కాల్గరీలో నాకిది ఏడో చలికాలం. ముందు ఆ ఎం ప్లస్ ఎస్‌ని నమ్మడం మానెయ్. అది పరీక్ష పెట్టి ఇచ్చేది కాదు, గాడుల తీరును బట్టి కంపెనీ తనకు తానే వేసుకునే ముద్ర. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు, ఆ బొమ్మ ఉందేమో చూడు. మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకే అది వేస్తారు. ఏటీల్లోనూ కొన్నిటికి ఉంటుంది, బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2కి ఉంది. ఆ పరీక్షలో కూడా ఒక మెలిక ఉందిలే. అణిగిన మంచు మీద బండి ఎంత పట్టుతో ముందుకు కదులుతుందో చూస్తారు గానీ, గడ్డకట్టిన ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుందో చూడరు.

మనకు అన్నీ మంచే: పొగమంచు, కురిసే మంచు, గడ్డకట్టిన మంచు. టైరుకు మాత్రం దేని లెక్క దానిదే. మోకాలి లోతు కొత్త మంచులో ఏటీ టైరు బ్రహ్మాండంగా పోతుంది, పెద్ద పెద్ద గుబ్బలు కదా, తవ్వుకుంటూ పోతుంది. నా మొదటి ఏడాది అలాగే మురిసిపోయా. డిసెంబరులో ఒక పొద్దున, సిగ్నల్ దగ్గర 30 స్పీడులో ఉన్నా. రోడ్డు నల్లగా, తడిసినట్టు ఉంది అంతే. బ్రేకు తొక్కితే ఏబీఎస్ కాలి కింద టకటకమంటోంది, ట్రక్కు మాత్రం పెళ్లి ఊరేగింపులా మెల్లగా ముందుకు పోతూనే ఉంది. తెల్ల గీత దాటి, ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకుని ఆగింది. పాచి పట్టిన రేవు మెట్ల మీద చెప్పులేసుకుని దిగినట్టే ఉంటుంది. కదలడానికి ఫోర్ వీల్ సాయం చేస్తుంది. ఆగడానికి ఏ బండికైనా ఉండేవి నాలుగు చక్రాలే.

కారణం రబ్బరు. 7 డిగ్రీల కంటే చలి ముదిరితే మామూలు రబ్బరు బిగుసుకుంటుంది. వింటర్ టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది, దాని గుబ్బల నిండా బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు ఉంటాయి. ఐసును పట్టుకునేవి ఆ గాట్లే. నీ ఏటీకీ కొన్ని ఉండుంటాయి, 30 వేలు తిరిగాక ఎన్ని మిగిలాయో చూసుకో. ఇక్కడ క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకుండా బండి తీయకూడదు, చట్టం. మా అల్బర్టాలో ఆ చట్టం లేదు, ఆ ఫుట్‌పాత్ చాలు నాకు.

రేవు_రొయ్య:
కాల్గరీ అన్న సంగతి సరే, మన చలికాలం అంటే వాన కదా. ఈశాన్య రుతుపవనాల్లో, తడిసిన తారు మీద నా ఏటీలు పాత హైవే టైర్ల కంటే లేటుగా ఆగుతాయి, ఇది నేను చూసిందే. ఇందుకూరుపేట వైపు గుంట కట్ట మీద ఇంకో రకం. నల్లరేగడి గాడుల్లో కూరుకుపోతే నాలుగు చుట్లకే టైరు బూరెలా నున్నగా అయిపోతుంది. ఒక రాత్రి బండి అడ్డంగా జారి వెనక చక్రం గుంటలోకి దిగింది. ట్రాక్టరు వచ్చేదాకా ఏరేటర్ల చప్పుడు వింటూ కూర్చున్నా.

ఒంగోలు_గిత్త:
రెండేళ్ల కిందట జనవరిలో మనాలి పైనున్న సోలాంగ్ దాకా పోయాం, మావీ ఏటీలే. ఎక్కేటప్పుడు ఇబ్బంది లేదు. మధ్యాహ్నం కరిగిన నీళ్లు సాయంత్రానికి గడ్డకట్టాయి, దిగేటప్పుడు దేవుళ్లందరూ గుర్తొచ్చారు. మంచులో పట్టుకోసం చక్రాలకు చుట్టే చెయిన్లు మనాలిలో అద్దెకు దొరుకుతాయి. వేశాక స్పీడు 50 దాటనీయకు, ఉత్త తారు రోడ్డు రాగానే తీసెయ్. పికప్ అయితే వెనక ఖాళీగా ఉంచొద్దు, ఇరుసు మీద బరువు పడాలి.

రేవు_రొయ్య:
నాలుగు మేత బస్తాలు వేసుకుపో. అక్కడి బియాస్ నదిలో రొయ్యలుంటే బేరం కూడా.

ట్రంకురోడ్డు_టైర్లు:
నేను ఈ పనిలోనే ఉన్నా. గాలి గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ 30 డిగ్రీల్లో 35 పాయింట్లు (పీఎస్ఐ) గాలి పట్టిస్తే, మైనస్ 10లో ఆరేడు పాయింట్లు పడిపోతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గేజీలో మళ్లీ కొంచెం పెరుగుతుంది, సిస్సు ఎత్తుకు నాలుగైదు పాయింట్లు. కాబట్టి కాగితం మీద లెక్కలొద్దు. అక్కడే, పొద్దున బండి తీయకముందు గేజీ పెట్టి చూడండి. ఇంకోటి, టైరు పక్కన ‘డాట్’ వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. పాతబడిన రబ్బరు చలి లేకపోయినా గట్టిగానే ఉంటుంది.

పెన్నా_పికప్:
ఇప్పుడే టార్చి వేసుకుని బండి కింద దూరి చూశా. కొండ బొమ్మ లేదు. నాలుగు అంకెలు మాత్రం దొరికాయి: 1918. నిరుడు కొత్తవని డబ్బులు కట్టిన టైర్లు! షాపుకి రేపు పొద్దున్నే పోతా. మనాలి వరకు మన బండి, అక్కడి నుంచి చెయిన్లు వేసి నడిపే లోకల్ డ్రైవరు, ఇదీ కొత్త ప్లాను. అమ్మకు చెప్తే "అట్టయితే రైలెక్కి పోరాదా" అంది.