అప్‌డేట్: మా అన్న కడుపునొప్పి గ్యాస్ కాదు, పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు)

పోయిన నెల ఇక్కడే అడిగాను, మందు తాగిన మర్నాడు మా అన్నకు పైకడుపులో మొదలైన నొప్పి వీపులోకి పాకుతోంది, ముందుకు వంగి కూర్చుంటేనే కాస్త తగ్గుతోంది, గ్యాసేనా అని. లైపేజ్ టెస్ట్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్ రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష) చేయించమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్, అదే పట్టిచ్చింది. చిత్తూరు నుంచి తిరుపతి తీసుకెళ్లాం, అక్కడ లైపేజ్ ఉండాల్సినదానికి మూడు రెట్లు దాటింది. స్కాన్‌లో పిత్తాశయంలో రాళ్లు లేవు, రక్తంలో కొవ్వు (ట్రైగ్లిజరైడ్లు) కూడా మామూలే, కాబట్టి మందే కారణం అన్నారు. మద్యం వల్ల క్లోమంలోని సన్నటి నాళాల్లో రక్తప్రసరణ తగ్గుతుందట, వాపు వస్తే ఇంకా తగ్గి కణాలకు ఆక్సిజన్ సరిగా అందదట, అందుకే మొదటి రోజంతా సెలైన్ మీదే దృష్టి పెట్టారు. గ్యాస్ మాత్రలు, కారం మానేయడం దీనికి సంబంధం లేనివి. వాటితో మూడు రోజులు పోగొట్టుకున్నాం, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఇక చుక్క కూడా ముట్టకూడదన్నారు. నిన్న అమ్మ చేసిన రాగిసంగటి కొంచెం తిన్నాడు.