లారీ ఇన్సూరెన్స్ రెన్యువల్: పాత బండికి థర్డ్ పార్టీ ఒక్కటే చాలా? కేసు పడితే ఇంటి మీదకు వస్తుందా?

జగ్గయ్యపేట పది టైర్లు:

అన్నలూ, నాకు రెండు బండ్లు. ఒకటి 2019 మోడల్ పన్నెండు టైర్లది, ఇంకా ఫైనాన్స్‌లో ఉంది. రెండోది 2012 పది టైర్లది, అప్పు తీరిపోయింది. సిమెంటు, మొక్కజొన్న, సీజన్‌లో మిర్చి కొడతాం. వచ్చే నెల 9న రెండిటికీ ఇన్సూరెన్స్ అయిపోతోంది. ఏజెంటు లెక్క పంపాడు, ఒక్కో బండికి థర్డ్ పార్టీనే (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది) 43,950, పైన జీఎస్టీ. కొత్త బండికి ఫుల్ ఇన్సూరెన్స్ అంటే ఇంకో ముప్పై వేల పైమాటే. మా రూట్లో బాడుగ మాత్రం నాలుగేళ్ల కిందటిదే నడుస్తోంది.

డబ్బు కంటే నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి ఉంది. మా పెదనాన్న కొడుకు బండి రెండేళ్ల కింద కోదాడ దాటాక బైకును గుద్దింది. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న కుర్రాడు చనిపోయాడు. అన్నయ్య ప్రీమియం ఏనాడూ ఒక్క రోజు లేటు చేయలేదు, ఇన్సూరెన్స్ ఉందిగా అని ధైర్యంగా ఉన్నాడు. తీరా తీర్పులో, ముందు కంపెనీ కట్టాలి, తర్వాత ఆ మొత్తం ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు అని రాశారు. కారణం ఏంటంటే ప్రమాదం జరిగిన రోజుకు డ్రైవర్ లైసెన్స్ గడువు దాటి నలభై రోజులైంది, అంతే. మొన్న వెళ్తే అన్నయ్య ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు, వదిన అన్నానికి మూడుసార్లు పిలిచినా పలకలేదు.

పాత బండికి థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకోవచ్చా? అన్నయ్యకు వచ్చిన పరిస్థితి నాకు రాకూడదంటే ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

ఆటోనగర్ పాతకాపు:

తమ్ముడూ, ముందు ఆ లెక్క మళ్లీ చూడు. థర్డ్ పార్టీ రేటు బండి వయసును బట్టి ఉండదు, సరుకుతో కలిపి మొత్తం బరువును బట్టి ఉంటుంది. 20 టన్నుల నుంచి 40 టన్నుల దాకా 43,950, అది 2022 జూన్‌లో పెట్టిన రేటు, ఏ కంపెనీకి వెళ్లినా అంతే, బేరం లేదు. కానీ సరుకు బండ్ల థర్డ్ పార్టీ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. ఏజెంటు పాత రేటు వేశాడేమో చూసుకో, ఒక్కో బండికి మూడు వేల తేడా.

బేరమంతా ఓన్ డ్యామేజీ, అంటే మన బండి నష్టానికి కట్టే భాగం దగ్గరే. నాలుగు కంపెనీల కొటేషన్లు తీసుకో, ఒకడు చెప్పింది చెప్పినట్టు కట్టేయకు. క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ అనే ప్రీమియం తగ్గింపు ఐదేళ్లలో 50 శాతం దాకా వెళ్తుంది. గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే అది మొత్తం పోతుంది.

నాకు తగిలిన దెబ్బ చెబుతా. 2021లో నార్కట్‌పల్లి దగ్గర తెల్లారుజామున నా బండి ముందున్న ట్రాలీని గుద్దింది. దేవుడి దయ, మనిషికి ఏం కాలేదు. ఫుల్ ఇన్సూరెన్సే కదా అని షెడ్డులో పెట్టించా. సర్వేయర్ వచ్చి ఎస్టిమేట్ కాగితం బానెట్ మీద పెట్టుకుని పెన్నుతో ఒక్కో లైను కొట్టేస్తూ పోయాడు. హెడ్‌లైట్లు, బంపరు, మడ్‌గార్డు, ముందు టైర్లు, పెయింటు. లక్షా ఎనభై వేల బిల్లుకు చేతికొచ్చింది తొంభై నాలుగు వేలు. మోసమేమీ కాదు, పాలసీలో ఉన్నదే. కమర్షియల్ బండికి బండి మొత్తం పోతే తప్ప ఈ భాగాలకు రాదు. ఐఎంటీ 23 అని ఒక క్లాజు ఉంటుంది, ఓన్ డ్యామేజీ ప్రీమియం మీద 15 శాతం ఎక్కువ కడితే ఇవి కూడా కవర్ అవుతాయి. ఏజెంట్లు ప్రీమియం తక్కువ చూపించడానికి దాన్ని తీసేస్తారు. కొత్త బండికి అడిగి మరీ వేయించు.

ఇంకో రెండు చిన్నవి. రెండొందలు తగ్గుతాయని ఎదుటివాళ్ల ఆస్తి నష్టం కవర్‌ను 7.5 లక్షల నుంచి 6,000కు కుదిస్తారు, ఒప్పుకోకు. ఆరు వేలకు ఆగి ఉన్న కారు డోరు కూడా రాదు. డ్రైవరుకు, క్లీనరుకు తలా యాభై రూపాయలతో లీగల్ లయబిలిటీ కవర్ ఉంటుంది, అది వదలకు. వాళ్లకు ఏమైనా అయితే నష్టపరిహారం కట్టాల్సింది మనమే.

పాత బండి సంగతి అంటావా, అది రేపు పూర్తిగా పోయినా తట్టుకోగలనంటే థర్డ్ పార్టీ చాలు. పదేళ్లు దాటిన బండికి ఓన్ డ్యామేజీ ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి కూడా.

ఖమ్మం వకీలు:

నేను రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ కేసులే చూస్తాను, ఎక్కువగా చనిపోయినవాళ్ల కుటుంబాల తరఫున. అందుకే ఒక లెక్క చూపిస్తాను, ఓనర్లు అందరూ ఒక్కసారి చూడాలి.

ముప్పై ఏళ్ల మనిషి, సొంత పని, నెలకు 15,000 సంపాదన, ఇంట్లో ఆధారపడ్డవాళ్లు నలుగురు అనుకోండి. భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు, 21,000 అవుతుంది. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చించే సంఖ్య, 17. మొత్తం 32,13,000, పైన అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లల కింద వచ్చేవి, వడ్డీ. ఇదేమీ జడ్జి ఇష్టం కాదు, సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో ఇచ్చిన పద్ధతి. అంటే నెలకు పదిహేను వేలు సంపాదించే మనిషికే ఒక పది టైర్ల బండి ఖరీదు. మరణానికి, గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో పరిమితి లేదు కాబట్టి ఎంతైనా కంపెనీ కడుతుంది. మీరు షరతు తప్పితే మాత్రం ఆ మొత్తం మీ మీదకు తిరిగి వస్తుంది. దానికోసం కంపెనీ కొత్తగా దావా కూడా వేయక్కర్లేదు, అదే ట్రిబ్యునల్‌లో ఎగ్జిక్యూషన్ (తీర్పు అమలు పిటిషన్) వేసి లారీ, పొలం, ఇల్లు దేన్నైనా అటాచ్ (జప్తు) చేయమని అడగవచ్చు.

షరతు తప్పడం అంటే నేను మళ్లీ మళ్లీ చూసేవి ఇవే: లైసెన్స్ గడువు దాటడం, రాత్రిపూట డ్రైవర్ పడుకుని క్లీనర్‌కు స్టీరింగ్ ఇవ్వడం, పర్మిట్ లేకపోవడం, సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించుకోవడం. ఆ చివరిది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మిర్చి కోతలప్పుడు కూలీలు బస్సు లేక చేయెత్తుతారు, డ్రైవర్ తలా ఇరవై తీసుకుని ఎక్కించుకుంటాడు, బండి తిరగబడుతుంది. సరుకు యజమాని, అతని తరఫు మనిషి తప్ప సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు కంపెనీ బాధ్యత లేదని 2003లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పోయిన ప్రాణాలకు డబ్బు రాదు, ఓనరు దగ్గర ఉండదు, రెండు వైపులా ఏడుపే. మీ డ్రైవర్‌కు ఈ ఒక్క మాట ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి.

లైసెన్స్ విషయంలో ఒక రక్షణ ఉంది. ఓనరు తన వంతు జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే కోర్టు చూడాలి, నిర్లక్ష్యం ఉందని నిరూపించాల్సింది కంపెనీయే అని 2004 స్వరణ్ సింగ్ తీర్పు. కాబట్టి డ్రైవర్‌ను పెట్టుకునేటప్పుడు లైసెన్స్ జిరాక్స్ మీద సంతకం, తేదీ తీసుకోండి, రవాణా శాఖ పరివాహన్ సైట్లో చూసి ఆ పేజీ ప్రింటు ఫైల్లో పెట్టండి. హెవీ లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యువల్, ఆ తేదీ మీ ఫోన్లో కూడా ఉండాలి.

గుంటూరు మిర్చి లోడు:

మా ఆయన బండి నడుపుతారు, లెక్కలు నావి. ఒక మాట ఎవరూ చెప్పలేదు. బండి ఇన్సూరెన్స్‌లో సరుకు ఉండదండీ. రెండేళ్ల కింద చెన్నై లోడులో సరుకు మీద కప్పే పట్టా చిరిగి ఇరవై మూడు బస్తాలు తడిశాయి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్లు మూడు ట్రిప్పుల బాడుగలో కోసేశారు. అప్పుడు తెలిసింది, సరుకు యజమాని ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ (దారిలో సరుకు పాడైతే వచ్చేది) చేసుకున్నా, కంపెనీ వాళ్లకు కట్టేసి తర్వాత రవాణా చేసినవాళ్ల మీదకు వస్తుందని. ఎక్కువ విలువ ముందే రాయించకపోతే రవాణాదారు బాధ్యత బాడుగకు పది రెట్ల దాకానే అని 2011 రూల్స్‌లో ఉంది. 18,000 బాడుగైతే 1,80,000. మాకది తెలియక వాళ్లు అడిగిందల్లా ఇచ్చుకున్నాం. ఇప్పుడు లోడు ఎత్తేముందు బిల్టీ (లోడు రసీదు) చదువుతాను, పట్టా కట్టాక నాలుగు వైపులా ఫోటో తీయిస్తాను.

అనకాపల్లి బెల్లం రూటు:

పాత బండి ఎప్పుడైనా అమ్మితే ఆర్‌సీ పేరు మారేదాకా తాళం ఇవ్వకు. రికార్డుల్లో పేరున్నవాడే ఓనరు అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. స్టాంపు పేపరు మీద రాసుకుని అమ్మేసిన బండి ప్రమాదానికి మా బావగారికి నోటీసు వచ్చింది.

జగ్గయ్యపేట పది టైర్లు:

అందరికీ పేరుపేరునా దండాలు. రాత్రి బీరువాలోంచి కాగితాలన్నీ తీసి కూర్చున్నా. జీఎస్టీ 12 శాతమే వేశాడు, ఐఎంటీ 23 లేదు. పాత బండి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఈ నెల 28తో అయిపోతోంది, నాకు గుర్తే లేదు. రేపటి లోడు వద్దని చెప్పేశా, ముందు ఎఫ్‌సీ పని చూస్తా. వకీలు గారూ, మా అన్నయ్యకు ఇంక దారి లేదా?

ఖమ్మం వకీలు:

తీర్పు వచ్చి ఎన్నాళ్లయింది? డ్రైవర్ తర్వాత లైసెన్స్ రెన్యువల్ చేయించుకున్నాడా?

జగ్గయ్యపేట పది టైర్లు:

71 రోజులు. చేయించుకున్నాడు, పాతది కూడా హెవీ లైసెన్సే.

ఖమ్మం వకీలు:

హైకోర్టులో అప్పీలుకు గడువు 90 రోజులు. మీ అన్నయ్య డిపాజిట్ కట్టాల్సింది 25,000 లేదా తీర్పు మొత్తంలో సగం, ఏది తక్కువైతే అది, అంటే పాతిక వేలే. నడపడం వచ్చిన డ్రైవరే కాబట్టి, గడువు దాటడం ప్రమాదానికి కారణం కాదని వాదించే వీలుంది, గెలుస్తామని మాట ఇవ్వలేను. అన్నయ్యను అరుగు మీద నుంచి లేపి, రేపు పదిన్నరకల్లా తీర్పు సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టించండి.