పాత రైలుదారిలో జియోకాష్ డబ్బాలు ఉండాలా, వద్దా?

సొరంగం_సుబ్బడు:
పోయిన శనివారం పిల్లలతో స్నోక్వాల్మీ సొరంగానికి వెళ్ళొచ్చాం. సియాటిల్ నుంచి ఐ-90 మీద గంట దారి. హయాక్ అనే చోట కారు పెట్టి, మిల్వాకీ రోడ్ అనే రైలు కంపెనీవాళ్ళ పాత రైలుదారి మీద నడక. సొరంగం పొడవు 3.6 కిలోమీటర్లు, లోపల ఒక్క దీపం ఉండదు. మధ్యలో టార్చి ఆర్పితే అవతలి చివర వెలుగు ఆవగింజంత కనిపిస్తుంది. పైనుంచి నీటి చుక్కలు మెడ మీద టప్‌మని పడుతుంటాయి.

వెళ్ళింది జియోకాష్ కోసం. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. ఎవరో ఒక డబ్బా దాచి అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. మనం ఫోన్ పట్టుకుని వెతికి, లోపలి చిట్టి పుస్తకంలో సంతకం పెట్టి, మళ్ళీ అక్కడే దాచి రావాలి. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జనం వాడే జీపీఎస్‌లో చోటును కావాలని తప్పుగా చూపించడం మానేసింది. మర్నాడే ఆరెగాన్‌లో ఒకాయన బకెట్ దాచాడు. ఈ ఆట అక్కడే మొదలైంది.

మావాడికి పదేళ్ళు. సొరంగంలో సిగ్నల్ రాదురా అని చెప్పినా ఫోన్‌లోంచి తలెత్తలేదు. అవతలికి వెళ్ళి వెతికితే డబ్బా దొరికింది. గంతులేశాడు, సంతకం పెట్టాడు. తిరిగొస్తుంటే కారులో అడిగాను, "ఈ సొరంగం ఎందుకు తవ్వార్రా?" అని. "కాష్ దాచడానికి" అన్నాడు.

అప్పటికి నవ్వుకున్నాం. కానీ ఇలాంటి చోట్ల ఈ డబ్బాలు లేకపోతేనే మేలేమో అని అప్పట్నుంచీ అనిపిస్తోంది. మీరేమంటారు?

రెడ్మండ్_రావు:
తప్పు డబ్బాది కాదండీ. అది లేకపోతే మీవాడు సెలవు రోజున అంత దూరం నడిచేవాడా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. పైగా అక్కడున్నది మామూలు కాష్ కాదు. 2001లో ఒక హాలీవుడ్ సినిమా ప్రచారానికి పెట్టినవాటిలో ఒకటి. 2011లో ఎవరో ఎత్తుకుపోతే 2016లో దొరికి మళ్ళీ అక్కడికే చేరింది. దీనికోసం విమానం ఎక్కి వచ్చేవాళ్ళున్నారు. ఒకసారి ఒక జర్మనీ జంట నాతో పాటు సొరంగంలో నడిచారు. దారి పొడుగునా రైలు గురించే అడిగారు. నాకు ఒక్కటీ తెలియదు! సిగ్గేసి ఇంటికొచ్చి చదువుకున్నా. చదివించింది ఆ డబ్బానే కదా.

పట్టాలపిచ్చి:
రావు గారూ, మీరు చదువుకున్నారు, సంతోషం. పదిమందిలో తొమ్మిదిమంది చదవరు. ఆ దారి సంగతి తెలిస్తే అక్కడ ఫోన్ చూస్తూ నడవబుద్ధి కాదు.

మిల్వాకీ రోడ్ పసిఫిక్ తీరం దాకా పట్టాలు వేసింది 1909లో. అప్పటికే అక్కడ పోటీ కంపెనీలు పాతుకుపోయి ఉన్నాయి. కొండ పైదాకా ఎక్కి మంచులో ఇరుక్కోవడం ఎందుకని 1912లో ఈ సొరంగం మొదలుపెట్టి 1914లో పూర్తిచేశారు. 1920 వచ్చేసరికి ఈ కొండల్లో కరెంటు బండ్లు నడిచాయి, 3,000 వోల్టులతో. ఆ రోజుల్లో అది సామాన్యమైన పని కాదు. మరి చివరికి ఏం చేశారు? ఆ బండ్లకు కరెంటు ఇచ్చే రాగి తీగ అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయని 1974 నాటికి కరెంటు బండ్లన్నీ ఆపేశారు. సరిగ్గా డీజిల్ ధర మండిపోతున్నప్పుడు! 1977లో దివాలా, 1980లో ఈ లైను మూత. నాకు ఆ రాగి సంగతి గుర్తొచ్చినప్పుడల్లా కడుపు మండుతుంది.

ఇక డబ్బాల సంగతి. తవ్వి పాతిపెట్టకూడదని, రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని రూలుంది. దాన్నే పట్టుకుని కొన్ని దారుల్లో ప్రతి 161 మీటర్లకూ ఒకటి పెడతారు. దొరికిన డబ్బాల లెక్క పెంచుకోవడానికి జనం పరుగు. డబ్బా వెంటనే కనిపించకపోతే రాళ్ళు కదిలిస్తారు, నాచు పీకేస్తారు. వందేళ్ళ గోడ సందులో వేళ్ళు పెట్టి కెలకడం నా కళ్ళారా చూశాను.

గోదారి_గట్టు:
మాది కోటిపల్లి దగ్గర. మా లైనుకు 1940లో యుద్ధం కోసమని పట్టాలు పీకేశారు. మళ్ళీ రైలు వచ్చింది 2004లో. నా చిన్నప్పుడు మాకు తెలిసింది "రైలు కట్ట" అన్న పేరొక్కటే. దాని మీద గేదెలు మేసేవి. రైలే లేనిదానికి రైలు కట్ట అని ఎందుకంటారని అడిగితే అమ్మమ్మ తప్ప చెప్పేవాళ్ళు లేరు. అప్పుడు అక్కడ ఒక డబ్బా, అందులో నాలుగు వాక్యాలు రాసిన కాగితం ఉంటే నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని. పట్టాలపిచ్చి అన్నా, మీరు చెప్పిన కథంతా కాష్ పేజీలో రాయొచ్చుగా? కోపంతో ఇక్కడ రాశారు గానీ.

పట్టాలపిచ్చి:
రాయొచ్చమ్మా. ఎవరూ కిందికి స్క్రోల్ చెయ్యరు, అదే బాధ.

వాన_సియాటిల్:
నాకు స్నోక్వాల్మీ విషయంలో అభ్యంతరం లేదు. ఇదే కొండల్లోని వెల్లింగ్టన్ అనే ఊరి సంగతి వేరు. ఇప్పుడు ఐరన్ గోట్ ట్రెయిల్ అంటున్న నడకదారి గ్రేట్ నార్తర్న్ అనే ఇంకో రైలు కంపెనీవాళ్ళ పాత లైను. 1910లో మంచు తుపానుకు అక్కడ రెండు రైళ్ళు రోజుల తరబడి ఆగిపోయాయి, ఒకటి ప్రయాణికులది, ఇంకొకటి మెయిలు. మార్చి 1న, అర్ధరాత్రి దాటాక కొండ మీది మంచు విరుచుకుపడి రెండిటినీ లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. ఆ పేరు చూస్తే ఎవరూ రైలెక్కరని ఊరి పేరునే టై అని మార్చారు. 1929లో కొత్త సొరంగం వచ్చాక ఆ దారినే వదిలేశారు. అలాంటి చోట ప్లాస్టిక్ డైనోసార్, రెండు స్టిక్కర్లు ఉన్న డబ్బా కోసం కేకలు వేస్తూ వెతకడం నాకైతే నచ్చదు.

రెడ్మండ్_రావు:
అది ఒప్పుకుంటా. అక్కడ డబ్బా వద్దు. కానీ మిగతా దారులకు మధ్యేమార్గం ఉంది కదా, మల్టీ కాష్. ముందు దారిలో ఆ చోటు చరిత్ర చెప్పే బోర్డులు చదివి, వాటిలోని ఏళ్ళు, అంకెలు పట్టుకుని లెక్క చేస్తేనే డబ్బా ఉన్న చోటు తెలుస్తుంది. డబ్బాను పాత గోడలకు దూరంగా, కారు పార్కింగు దగ్గర పెట్టొచ్చు. ఎలాగూ పార్కువాళ్ళ అనుమతి తీసుకోవాలి.

పట్టాలపిచ్చి:
బోర్డు చదవకపోతే డబ్బా దొరకదు. ఇది బాగుంది. ఎవరైనా బోర్డు ఫొటో తీసి ఆన్సర్లు నెట్‌లో పెట్టేదాకా.

సొరంగం_సుబ్బడు:
మావాడికి ఈ థ్రెడ్ చదివి వినిపించాను. రాగి తీగ కథకు ఆగిపోయాడు. "అమ్మితే ఎంతొచ్చింది?" అని అడిగాడు. నాకు తెలియదు, పట్టాలపిచ్చి గారు చెప్పాలి. మల్టీ కాష్ మేమే తయారు చేద్దామంటున్నాడు. మొదటి లెక్క కూడా వాడే పెట్టాడు: కరెంటు ఆపేసిన ఏడాదిలోంచి సొరంగం పూర్తయిన ఏడాది తీసెయ్యాలట. 60 వస్తుంది, చూసుకోండి. వచ్చేవారం మళ్ళీ వెళ్తున్నాం, ఎవరైనా వస్తారా? స్వెట్టర్లు తెచ్చుకోండి, బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల వణుకే.

గోదారి_గట్టు:
నేను కాకినాడ నుంచి రాలేను గానీ ఆ పేజీ తెలుగులో కూడా రాయండి.