యోహాను 6:44లో 'లేపుదును' అన్నది ఎవరి గురించి?

కొందరు రక్షణను ఎందుకు తిరస్కరిస్తారనే పాఠం సిద్ధం చేస్తూ ఒక్కచోట ఇరుక్కుపోయాను. యోహాను 6:44 ప్రకారం తండ్రి ఆకర్షిస్తేనే ఎవరైనా యేసు దగ్గరికి వస్తారు; అంత్యదినాన 'వానిని లేపుదును' (మృతుల్లోంచి) అని యేసు అక్కడే అంటాడు. 12:32లో యేసు అందరినీ ఆకర్షించుకుంటానంటాడు. రెండుచోట్లా గ్రీకు క్రియ ఒకటే, హెల్కూయో (లాగు, ఆకర్షించు). 21:11లో పేతురు 153 చేపలున్న వలను ఒడ్డుకు లాగింది కూడా ఈ మాటతోనే. వల ఎదురు చెప్పదు కదా! మరి అపొస్తలుల కార్యములు 7:51లో ఆత్మను ఎదిరించారనీ, మత్తయి 23:37లో 'మీరు ఒల్లకపోతిరి' అనీ ఎలా?

చూసినవి: 'అందరినీ' అంటే అన్ని జాతులవారు అన్న కాల్వినిస్టు (దేవుడు ఎన్నుకున్నవారు ఆయన కృపను చివరిదాకా ఎదిరించలేరనేవారి) వివరణ (12:20లో గ్రీసు దేశస్థులు వచ్చారు కాబట్టి కొంత బలముంది). ఆకర్షణను ఎదిరించవచ్చు, లేపబడేది వచ్చినవాడే అన్న అర్మీనియన్ (ఆ కృపను మనిషి తిరస్కరించవచ్చని చెప్పిన అర్మీనియస్ అనుచరుల) వివరణ. 1610 నాటి రెమాన్‌స్ట్రెంట్ల (అర్మీనియన్ పక్షంవారి) అయిదు అంశాలు, వాటిని తోసిపుచ్చిన 1618–19 డోర్ట్ సభ తీర్మానాలు పక్కపక్కన పెట్టి చదివినా ఈ వాక్య నిర్మాణం తేలలేదు.

గ్రీకు తెలిసినవారు చెప్పండి: 6:44 చివర 'వానిని లేపుదును'లోని 'వాడు' ఆకర్షించబడిన ప్రతివాడా, వచ్చినవాడు మాత్రమేనా?