సమస్యాపూరణం: ‘తెల్లవెంట్రుక నల్లనై తెల్లబోయె’

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతిలో: *తెల్లవెంట్రుక నల్లనై తెల్లబోయె.* గణాలు (గురు, లఘువుల గుంపులు) వరసగా హ, భ, ర, హ, హ. తె–తె యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల మైత్రి) పాదంలోనే ఉంది. మిగతా మూడు పాదాలు మీవి. వస్తువు వయసును దాచుకునే తంటాలు. ఇంకో షరతు: రంగు గురించి రాస్తే రంగు సంగతి తప్పుగా రాయకూడదు. గణదోషంలాగే దాన్నీ లెక్కేస్తాం.

తుమ్మెదరెక్క:

తలకుఁ బట్టించి మీసము తడుమ మఱచె
పెండ్లి పందిట నద్దమ్ము పిలిచి చూప
మూతిపై వెండి తీగల మొలక గాంచి
తెల్లవెంట్రుక నల్లనై తెల్లబోయె

యతిమైత్రి: బాగుందండీ. నల్లబడ్డ తల కింద మీసాన్ని చూసి సిగ్గుపడటం, విరుద్ధార్థాన్ని విప్పడానికి మంచి దారి. ఒక్క లోపం. ‘మఱచె’ దగ్గర వాక్యం తెగిపోయింది. ‘మఱవ’ అంటే గణం అదే (న), ధార చివరిదాకా సాగుతుంది.

గళ్ళలుంగీ: మీసం మరిచిపోవడం వెనక కారణం ఉంది. తలకు వాడే బ్రష్షు మీసానికి పెద్దది, పెదవి మీద చర్మానికీ రంగంటుతుంది. ముందు చుట్టూ వాజలిన్ రాసి, పాత టూత్‌బ్రష్షు కొసతో పెట్టుకుంటే అంచు చెదరదు. కనుబొమ్మల జోలికి మాత్రం వెళ్ళకూడదు, కంట్లో పడితే ప్రమాదం. కాబట్టి కనుబొమ్మ మీద ఎవరైనా పూరణ రాస్తే అక్కడ తెల్లబోవడం తప్పదు!

యతిమైత్రి: నాది క్రమాలంకారంలో. మూడు ప్రశ్నలు, నాలుగో పాదంలో మూడు జవాబులు.

ఏది ముదిమికి గుర్తన నెంచబడును?
రంగు పూసిన నదియెట్లు రాణకెక్కు?
మొదలు చూచిన మూన్నాళ్ళ మోము గతియొ?
తెల్లవెంట్రుక – నల్లనై – తెల్లబోయె

గళ్ళలుంగీ: అలంకారం కుదిరింది, లెక్క కుదరలేదండీ. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మూన్నాళ్ళకు ఒక మిల్లీమీటరు. భూతద్దం పెడితే తప్ప ఎవరి మోమూ తెల్లబోదు. రంగు పట్టేది చర్మం పైకొచ్చిన వెంట్రుకకే. లోపల కుదురులో మెలనిన్ తయారు చేసే కణాలు పని మానేశాయి గనక కొత్తగా వచ్చేదంతా తెలుపే. మూడు వారాలకు 7 మిల్లీమీటర్లు, అప్పుడు పాపిట దగ్గర తెల్ల గీత తేలుతుంది.

యతిమైత్రి: ‘మూన్నాళ్ళ ముచ్చట’ నుడికారం నోరూరించి అలా రాయించింది. దిద్దుతున్నాను: *మూడు వారాలు గడచిన మోము గతియొ?* మూ–మో యతి నిలిచింది, మీ మిల్లీమీటర్లూ నిలిచాయి.

కలికిరి: నేను చివరి మాటను విరిచాను.

అరువదేండ్లున్న మామకు నాఱు తగ్గె
చవక పొట్లము పొడి నీటఁ జల్లి పూయ
మీసమందున గడ్డాన మెఱుపు కలిగె
తెల్లవెంట్రుక నల్లనై, తెల్ల బోయె

తెలుపు పోయింది అని భావం.

యతిమైత్రి: విరుపు గడుసుదే, కానీ వ్యాకరణం అడ్డొస్తోంది. తెల్ల + పోయె అని విడదీస్తే ప్రథమ మీది పరుషానికి గసడదవాదేశం (క చ ట త ప లు గ స డ ద వ లు కావడం) వచ్చి ‘తెల్ల వోయె’ కావాలి. బ ఎక్కడిది? ‘తెల్లబోవు’ ఒకే క్రియగా ఉన్నప్పుడే బ నిలుస్తుంది. హాస్యానికి వదిలేద్దామంటే నిర్వాహకుల దయ.

నిర్వాహకుడు: సగం మార్కులు. ‘ఆఱు తగ్గె’ అన్న పిసినారితనానికి ఇంకొక పావు.

గళ్ళలుంగీ: ‘పొట్లము పొడి’ గురించి ఒక మాట. అందులో రంగు తెచ్చే దినుసు చాలావరకు పీపీడీ (పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనం). చిన్న అణువు, వెంట్రుక లోపలికి దూరుతుంది. అక్కడ ఆక్సీకరణం జరిగి అణువులు ఒకదానికొకటి ముడిపడి పెద్దవవుతాయి, ఇక బయటికి రాలేవు. తలంటినా పోకపోవడానికి కారణం అదే. కలిపిన పొడిని గిన్నెలో ఉంచేస్తే ఆ ముడిపడటం గిన్నెలోనే అయిపోతుంది, తలకు పట్టేది తక్కువ. కాబట్టి ఏ పూటకాపూట కలపాలి. పీపీడీ కొందరికి పడదు. ఛందస్సు మార్చి ఒక కందం:

రంగుకు ముందర చెవికడ
నంగముపై రవ్వ పూసి యాగుము రెణ్ణాళ్
పొంగిన దురదయు మంటయు
దొంగను పట్టినటులగును తొందర వలదోయ్

రెణ్ణాళ్ళంటే 48 గంటలు. నిరుడు పడింది కదా అని ఈసారి మానేయకూడదు, అలర్జీ ఎప్పుడైనా మొదలవ్వచ్చు.

యతిమైత్రి: కందం రెండు సగాల్లోనూ ఆరో గణం దగ్గర వరసగా జగణం, నలం సరిగ్గా పడ్డాయి. పూరణ కాకపోయినా ఉండనివ్వండి.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నాను. మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను: *గోరింటాకును నీలిని కూర్చి పూయ*. ఏదో తేడాగా ఉంది.

యతిమైత్రి: మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. గో–కూ యతి చెల్లింది, రెండో గణం నుంచి అంతా శుభ్రం. చిక్కు ‘గోరిం’ దగ్గర. రెండూ గురువులు. తేటగీతి మొదట్లో సూర్యగణం ఉండాలి, అంటే న (మూడు లఘువులు) గానీ హ (గురువు, లఘువు) గానీ. ‘గోరింట’ తగణం, ఇంద్రగణాల్లో చెల్లుతుంది. రెండో గణంలోకి జరపండి.

గళ్ళలుంగీ: ‘కూర్చి’ కూడా తీసేయండి. రెండూ కలిపి పూస్తే వచ్చేది గోధుమ రంగు. సమస్య ‘నల్లనై’ అంటోంది. నలుపు కావాలంటే రెండు విడతలు. నూనె లేని జుట్టుకు గోరింట పొడి 50 గ్రాములు (పొట్టి జుట్టుకు చాలు), నిమ్మరసం, నీళ్ళతో పెరుగులా కలిపి రాత్రంతా నాననిచ్చి, పూసి రెండు గంటలు ఉంచి ఉత్త నీళ్ళతో కడగాలి. అప్పటికి తల నారింజ రంగులో ఉంటుంది, భయపడకండి. తర్వాత నీలి ఆకు పొడి, అంతే తూకం, గోరువెచ్చటి నీళ్ళు, చిటికెడు ఉప్పు. దీంట్లో నిమ్మరసం వేయకూడదు. పావుగంట ఆగి వెంటనే పూయాలి, నిలవుంటే పట్టు తగ్గుతుంది. ఒక గంట ఉంచి కడగాలి, షాంపూ వద్దు. గోరింట మానేసి తెల్లజుట్టు మీద నేరుగా నీలి పెడితే నీలంగానో ఆకుపచ్చగానో తేలుతుంది. ‘నల్ల గోరింట’ పొట్లాల్లో పీపీడీ కలిపినవీ ఉంటాయి, వెనక అచ్చు చదివి కొనండి. మూలిక కదా హాని లేదన్న నీలివార్తలు నమ్మకండి.

కొత్తకలం: మీ ఇద్దరి దిద్దుబాటుతో:

మొదట గోరింట, పైనీలి ముద్దఁ బెట్ట
ఆకు రంగులు రెండును నంటుకొనఁగ
అరువు తెచ్చిన యౌవన మనుచు దువ్వ
తెల్లవెంట్రుక నల్లనై తెల్లబోయె

నిర్వాహకుడు: ‘అరువు తెచ్చిన యౌవనము’ ఈ వారం నాకు నచ్చిన మాట. అరువు గనక నెలనెలా వడ్డీ కట్టాలి.

కొత్తకలం: ఒక సందేహం. నీలి కడిగిన రోజు జుట్టు పచ్చగా కనిపిస్తుందంటారు కదా, ‘తెల్లవెంట్రుక పచ్చనై’ అని మార్చుకోవచ్చా? గణం రగణమే.

నిర్వాహకుడు: గణం చెల్లుతుంది, సమస్య చెల్లదు. రెండు రోజులు గాలి తగలనివ్వండి, ‘నల్లనై’ దానంతటదే వస్తుంది.