పతకాలు లెక్కపెట్టి కోచ్‌ని గొప్పవాడు అనేయొచ్చా?

నీళ్ళలోచేప:
అమెరికా స్విమ్మర్ కేటీ లెడెకీ 800 మీటర్ల ఫ్రీస్టైల్‌ ఈతలో 2012 నుంచి 2024 దాకా నాలుగు ఒలింపిక్స్‌లో వరసగా స్వర్ణం కొట్టింది. నాలుగుసార్లూ కోచ్ వేరు. సుగియామా, గెమెల్, మీహన్, నెస్టీ. మరి ఆ గొప్ప ఎవరిది? నన్నడిగితే అమ్మాయిదే. కోచ్‌లకి మనమిచ్చే బిల్డప్‌లో సగం దండగ.

స్టాప్‌వాచ్:
ఒక్క లెడెకీని పట్టుకుని అందరినీ తీసిపారేస్తే ఎలా బాసూ? ఈత కోచ్ బాబ్ బౌమన్ సంగతేంటి? అమెరికా స్విమ్మర్ మైకేల్ ఫెల్ప్స్ 11 ఏళ్ళప్పుడు ఆయన చేతికొచ్చాడు, 23 ఒలింపిక్ స్వర్ణాలతో రిటైరయ్యాడు. అలాంటి పిల్లాడు ఎవరి దగ్గరున్నా గెలిచేవాడే అంటావేమో, సరే, మరి బౌమన్ దగ్గరే తయారైన లియోన్ మర్షాన్? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగు వ్యక్తిగత స్వర్ణాలు. అంతకన్నా ముందు, 2008 నుంచి ఎవరూ ముట్టుకోలేని ఫెల్ప్స్ 400 మీటర్ల మెడ్లీ (నాలుగు రకాల ఈతలూ కలిపిన పోటీ) రికార్డుని 2023లో 4:02.50తో బద్దలుకొట్టాడు. ఒక శిష్యుడి రికార్డు ఇంకో శిష్యుడు! ఇది కూడా అదృష్టమేనా?

బీమ్‌మీదపిల్లి:
ఇద్దరూ ఈత దగ్గరే ఆగిపోయారు. జిమ్నాస్టిక్స్‌కి రండి. పతకాలే కొలత అయితే జిమ్నాస్టిక్స్ కోచ్‌లు కరోలీ దంపతులకి దండం పెట్టాల్సిందే: 1976లో 14 ఏళ్ళ నాదియా కొమనెచ్‌కి 10కి 10, 1984లో మేరీ లూ రెటన్‌కి స్వర్ణం. కానీ వాళ్ళ దగ్గర శిక్షణ పొందిన వాళ్ళే, డొమినిక్ మొచియానుతో సహా, తర్వాత బయటికొచ్చి తిండి మీద, బరువు మీద ఎంత భయపెట్టేవాళ్ళో చెప్పారు కదా. 1996 ఒలింపిక్స్‌లో వాళ్ళ శిష్యురాలు కెర్రీ స్ట్రగ్‌కి మొదటి వాల్ట్‌లోనే (పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా దూకే విన్యాసం) కాలు దెబ్బతింది, అయినా రెండోది చేసింది. అది లేకపోయినా అమెరికాకి స్వర్ణం వచ్చేదని తర్వాత తేలింది.

స్టాప్‌వాచ్:
తర్వాత తేలింది, ఆ క్షణంలో ఎవరికీ తెలీదు. ఒలింపిక్ ఫైనల్లో వద్దులే అమ్మా కూర్చో అనే కోచ్ ఎక్కడున్నాడు?

బీమ్‌మీదపిల్లి:
ఉన్నారండీ. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాల్లో తన ఒళ్ళు ఎటు తిరుగుతోందో తెలియక టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. కోచ్‌లు సెసిల్, లారెంట్ లాండీ ఆమె పక్కనే నిలబడ్డారు. 27 ఏళ్ళకి పారిస్‌లో మూడు స్వర్ణాలు, అదే కోచ్‌లతో. ఆ రోజు బలవంతంగా ఎక్కించి ఉంటే మెడ విరిగేదేమో, ఈ మూడూ ఎక్కడివి?

నీళ్ళలోచేప:
ఈ పాయింట్ ఒప్పుకుంటా, కానీ నా మాట మీదే ఉన్నా. ఒక కోచ్ వెళ్ళిపోయినా లెడెకీ ఇంకొకరి దగ్గరికి వెళ్ళగలిగింది. ఎనిమిదేళ్ళకే జిమ్‌లో చేరి, ఏం తినాలో ఎప్పుడు పడుకోవాలో కూడా కోచ్ చెప్పినట్టే చేసే పిల్లకి ఆ దారి ఉంటుందా? అందుకే నేను కోచ్‌ని అంచనా వేసేటప్పుడు పతకాల కన్నా ముందు ఒకటి చూస్తా: ఆ పిల్ల "ఇవాళ నొప్పిగా ఉంది" అని భయం లేకుండా చెప్పగలదా?

స్టాప్‌వాచ్:
అది చూడు, తప్పకుండా చూడు. బౌమన్ కూడా మెత్తని మనిషేం కాదు, ఫెల్ప్స్‌తో గొడవలు లోకమంతా విన్నదే. అయినా ఫెల్ప్స్ పేచీ పడగలిగాడంటే అక్కడ నోరు విప్పే చోటు ఉన్నట్టే. ఆయన పేరు మాత్రం నా లిస్టులోంచి తీయను.